పొగనూనె వీరేశం

వీరేశానికి కనుబొమలు లేవు. పుట్టినప్పుడు ఉండేవి, మిర్యాలగూడ మిల్లు బాయిలరు తినేసింది. ఇరవై ఏడేళ్లు పొయ్యి మూతి దగ్గర నిలబడి ఊక ఎగదోసిన మనిషికి కనుబొమలు మిగిలితేనే వింత. అవి లేకపోవడంతో ఆయన ముఖం ఎప్పుడు చూసినా ఎవరో కొత్త సంగతి చెబుతుంటే విస్తుపోయి వింటున్నట్టు ఉండేది. పెళ్లిచూపులనాడు సువర్ణ తల్లి, "పిలగాడు మంచిగనే ఉన్నడు గని, మనం ఏం జెప్పినా గట్ల బిత్తరపోతడేంది?" అని చాటుగా అడిగిందట.

ఆ ముఖం ఆయనకు ఒక పేరు తెచ్చింది. అటువంటి ముఖం పెట్టుకుని ఎవడూ అబద్ధమాడలేడని వేములపల్లి అంతా నమ్మింది. బర్రెను కొనేవాడు, పిల్లనిచ్చేవాడు, బోరు వేయించేవాడు, అందరూ ఒకసారి వీరేశాన్ని అడిగి పోయేవారు. ఆయనకు బర్రెల సంగతి తెలియదు, సంబంధాల సంగతి తెలియదు, బోర్ల సంగతి అసలే తెలియదు. "నాకెర్క లేదే" అని ఉన్నమాట చెప్పేవాడు. ఉన్నమాట చెప్పినందుకు జనం ఇంకాస్త నమ్మేవారు.

ఆయనకు తెలిసిందల్లా నిప్పు. ఊకను పిడికిట పట్టి పిసికితే అది ఎంత తడిగా ఉందో చెప్పేవాడు. బాయిలరు మూలుగు వింటే ఆవిరి ఎంత ఎక్కిందో గేజీ ముల్లుకన్నా ముందు ఆయన చెవికి తెలిసేది. అంతటి పనిమంతుణ్ణి మిల్లు ఓనరు ఇరవై ఏడేళ్లలో ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. "ఏయ్ బాయిలర్!" అనేవాడు. చివరికి ఊకను తనంతట తానే మింగే మిషను వచ్చింది. ఓనరు, "ఏయ్ బాయిలర్, రేపటి సంది రాకు" అన్నాడు. అలా ఒక బాయిలరు ఇంకో బాయిలర్ను ఇంటికి పంపింది.

నెల తిరక్కుండా వేములపల్లి రోడ్డు మీద, మొన్నటిదాకా వడ్లు ఎండబోసుకున్న జాగాలో, 'పచ్చధార' అనే కంపెనీ వెలిసింది. ఊకలోంచి ముడిచమురు తీస్తామని కరపత్రాలు పంచింది. ఇక గల్ఫు షేకులు మిర్యాలగూడ మిల్లుల ముందు లైను కట్టాల్సిందేనని ఆ కరపత్రాల సారాంశం. కిటుకు చెప్పుకోవడానికి సులువైనదే. గాలి చొరని ఇనుప డ్రమ్ములో ఊకను వేసి కాలిస్తే అది మండదు, మగ్గుతుంది. ఆ పొగను చల్లటి గొట్టాల్లోంచి పోనిస్తే నల్లటి ద్రవమై కారుతుంది. దాన్ని శుద్ధి చేస్తే డీజిలు. చదివినవాళ్లందరికీ మొదటి రెండు ముక్కలూ అర్థమయ్యాయి కాబట్టి మూడో ముక్కను ఎవరూ అడగలేదు.

కంపెనీకి పెద్దతలలు రెండు. ఒకటి ఇంజనీరు ప్రశాంత్. హైదరాబాదులో చదివి, ముప్పై నిండకుండానే నెత్తి మీద జుట్టు సగం పోగొట్టుకున్న మంచివాడు. నిద్రలో కూడా వేడి డిగ్రీలు కలవరించేవాడు. రెండోది మేనేజరు ధర్మేందర్. ఆయనది కోదాడ. నిప్పు గురించి ఆయనకు ఏమీ తెలియదు గానీ, నీళ్లను నిప్పని నమ్మించగల నోరుంది.

పని అడగడానికి వెళ్లిన వీరేశాన్ని ధర్మేందర్ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ కుర్చీకే సగం చెమట పట్టింది మనవాడికి.

"మీ పేరేంటండీ?"

చెప్పాడు. చెప్పేటప్పుడు తన పేరు తనకే కొత్తగా వినిపించింది.

"చూడండి వీరేశం గారూ, రేపట్నుంచి మీరు మా థర్మల్ ఎగ్జిక్యూటివ్. ఇదిగో కార్డు, మెళ్లో వేసుకోండి."

చేసే పని పాతదే, పొయ్యి చూడటం. అయినా ఆ 'గారు' ఉంది చూశారూ, దానికోసం ఆయన డ్రమ్ములో దూకమన్నా దూకేవాడు. ఇంటికి వెళ్లి సువర్ణకు మూడుసార్లు చెప్పాడు, సార్ తనను గారు అన్నాడని. ఆమె రెండుసార్లు విని, మూడోసారి అన్నం వడ్డించింది.

మొదటి డ్రమ్ము నిండిన రోజు కొబ్బరికాయ కొట్టారు. ఆ ద్రవానికి నూనె జిడ్డు లేదు, పులిసిన పొగ వాసన మాత్రం ముక్కులు అదిరేలా ఉంది. కంపెనీ జనరేటరులో పోసి అందరూ చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకున్నారు. జనరేటరు రెండుసార్లు దగ్గి, తెల్లటి పొగ వదిలి, ఊరుకుంది. మెకానిక్కు వచ్చి విప్పి చూసి, "దీంట్ల ఎవడన్న బెల్లం పాకం పోసిండా సార్?" అని అడిగాడు. వారం తిరిగేసరికి ఆ ద్రవం ఇనుప డ్రమ్ముల అడుగులు తినేసి నేల మీదికి వచ్చింది. అప్పట్నుంచి ప్లాస్టిక్ డబ్బాల్లో పోయసాగారు. రెండు వారాలు కదపకుండా ఉంచితే పైన నీళ్లు, అడుగున తారు.

"సార్, ఇది నూనెనేనా?" అని అడిగాడు వీరేశం.

"ముడిచమురండీ. శుద్ధి చేయకుండా ఇంజిన్‌లో పోస్తే ఏ చమురైనా ఇంతే. మన శుద్ధి యూనిట్ రెండు నెలల్లో వచ్చేస్తుంది" అన్నాడు ప్రశాంత్.

శుద్ధి యూనిట్ నిజానికి అక్కడే ఉంది, శంకుస్థాపన రాయి రూపంలో. నల్లరాతి మీద పదకొండుమంది పెద్దల పేర్లు బంగారు రంగులో చెక్కారు. పక్క పొలం రైతు దానికి తన మేకను కట్టేసేవాడు. ఆ మేక అక్కడే రెండు ఈతలు ఈనింది, యూనిట్ మాత్రం రెండు నెలల దూరంలోనే ఆగిపోయింది.

ఇంతలో ఇంకో చిక్కు. ఊకను ఎవడూ అడగనంతకాలం మిల్లుల వెనకాల గుట్టలు పోసి, ఎత్తుకుపోతే దండం పెట్టినవాళ్లు, కంపెనీ అడగ్గానే దాన్ని ముత్యాల్లా చూడటం మొదలుపెట్టారు. ధర్మేందర్ ఆలోచించాడు. ఊక లేకపోతే గడ్డి. మనిషికి రెండింతల ఎత్తు పెరిగే గడ్డి జాతి ఒకటుంది, దానికి 'ఇంధన గడ్డి' అని పేరు పెట్టాడు. రైతులు పన్నెండేళ్లకు భూమి కౌలుకు రాసివ్వాలి, ఆ పన్నెండేళ్లూ ఆ గడ్డి తప్ప ఇంకొకటి వేయరాదు. అలాంటి ఒప్పందాలు ఒక కట్ట చూపిస్తే శుద్ధి యూనిట్‌కు బ్యాంకు అప్పిస్తుంది. బ్యాంకు సంగతి ధర్మేందర్‌కూ ప్రశాంత్‌కూ తెలుసు, గడ్డి సంగతి రైతులకు చెప్పాలి. చెప్పే ముందు వాళ్లకు కళ్లారా ఏదైనా చూపించాలి.

కోదాడలో ట్రాక్టరు ప్రదర్శన పెట్టారు. కొత్త ట్రాక్టరుకు మామిడాకులు కట్టి, పక్కనే 'పచ్చధార హరిత చమురు' అని రాసిన ఆకుపచ్చ డబ్బా పెట్టారు. పొద్దున్నే ధర్మేందర్ వీరేశాన్ని పక్కకు పిలిచి ఖాళీ క్యాను చేతికిచ్చాడు.

"బంకుకెళ్లి డీజిల్ పట్టించుకు రండి వీరేశం గారూ. శుద్ధి అయ్యాక మన చమురు ఎలా ఉంటుందో జనానికి చూపించాలి కదా. రేపు వచ్చేదాన్ని ఇవాళ చూపిస్తున్నాం, అంతేనండి."

వీరేశం బంకుకు వెళ్లాడు. తెచ్చాడు. ఆకుపచ్చ డబ్బాలోకి వంపాడు. కెమెరాల ముందు ఆ డబ్బాను ఎత్తి ట్రాక్టరులో పోశాడు. ట్రాక్టరు బ్రహ్మాండంగా నడిచింది, నడవక ఏం చేస్తుంది? మర్నాడు పేపర్లో కనుబొమలు లేని ఆ ముఖం పడింది. తన చేత్తో పోసిన డీజిలుకు తానే విస్తుపోతున్నట్టుగా ఉంది ఫొటోలో. వీరేశానికి సిగ్గేసింది. కానీ తిన్న ఉప్పు, మెళ్లో కార్డు, పైగా 'గారు'. మింగలేక కక్కలేక ఊరుకున్నాడు.

ఆ పేపరు తిరుమలగిరి దాకా పోయింది. అక్కడ ఆయన బామ్మర్ది సోమయ్య ఉంటాడు, సువర్ణకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆయనకు గుట్ట కింద మూడెకరాల మెట్ట. రెండెకరాలు పత్తి, ఎకరం పల్లి, ఒక బోరు. పత్తితో ఇల్లు గడుస్తుంది, పల్లితో పిల్లలకు కడుపు నిండుతుంది, నిండాలి మరి, అడవిపందులు మిగిలిస్తే. గుట్ట మీంచి గుంపులుగా దిగి, గింజ పట్టగానే చేను మొత్తం దున్నిపోసి పోయేవి. ఆ చుట్టుపక్కల రైతులంతా పాత చీరలు తెచ్చి చేను చుట్టూ కట్టెలకు కట్టేవారు, మనుషులు నిలబడ్డారని పందులు జడుస్తాయని. మొదటేడు జడిశాయి. రెండో ఏడు చీరల కిందినుంచే దూరాయి.

సువర్ణ పాత చీరలన్నీ తమ్ముడి చేనుకే పోయేవి. ఆ ఏడు నాలుగు చీరలు మాత్రం దారి తప్పి వీరేశం వెంట కంపెనీకి వెళ్లాయి, గొట్టాల కారుడు తుడవడానికి. నెల తర్వాత ఆయన వాటిని ఇంటికి తెస్తే ఆమె గడప తొక్కనివ్వలేదు.

"నువ్వు వాడకట్టుల ఉండంగనే నీ వాసన ఇంట్లకొస్తది. ఇగ గివి గూడానా? మా తమ్మునికియ్యి, పందులకు వాసనతోని పని లేదు గద" అంది.

పందులకు వాసనతోనే పని అని ఆమెకు తెలియదు, వీరేశానికీ తెలియదు. సోమయ్య ఆ నాలుగు చీరలనూ చేనుకు ఉత్తరం దిక్కున కట్టాడు. పందులు మూడు దిక్కులా దిగాయి, ఉత్తరం వైపు ముట్టె కూడా పెట్టలేదు. సోమయ్య వేములపల్లి వచ్చినప్పుడు ఈ సంగతి నవ్వుతూ చెప్పాడు. వీరేశం కూడా నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజు ఆయన చెవిన పడి గుండెలో దిగిన మాట వేరే ఉంది.

"పత్తి చేను రెండెకరాలు మీ కంపెనీకి రాసిద్దామనుకుంటున్న బావా. పేపర్ల నిన్ను సూసిన. నువ్వు పోస్తే ట్రాక్టర్ నడిసిందంటే ఇగ నేను ఇంకోణ్ణి అడుగుడెందుకు?"

"జర ఆగు సోమయ్యా. పన్నెండేండ్లంటే మాటలు గాదు. తొందరెందుకు?"

"తొందరేంది? నీ మాట మీదనే గద ఇస్తున్న."

ఆ 'నీ మాట' అనేది వీరేశం ఇంతవరకు ఆడనే లేదు. ఆడకపోయినా అది తిరుమలగిరి దాకా పోయి రెండెకరాల భూమి మీద కూర్చుంది. ఉన్నది చెబుదామంటే క్యాను సంగతి చెప్పాలి, క్యాను సంగతి చెబితే సార్ల పరువు, తన కొలువు, పేపర్లో పడ్డ తన ముఖం, అన్నీ ఒక్కసారే కొట్టుకుపోతాయి. "సూద్దాం తీయ్" అని లేచిపోయాడు. ఆ రోజంతా తన మీద తనకే అసహ్యం వేసింది.

సూర్యాపేటలో రైతుల సభ పెట్టారు. ఫంక్షన్ హాలు, తిరుమలగిరి వైపు నుంచి నాలుగు బస్సులు, కోడికూర భోజనం. భోజనానికి ముందు సంతకాలా, తర్వాతా అని ధర్మేందర్ రెండు రోజులు ఆలోచించి, ముందేనని తేల్చాడు. సభకు ముందు వీరేశం భుజం మీద చెయ్యి వేశాడు.

"మీరు ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదండీ. 'నా చేత్తో పోశాను, ట్రాక్టరు నడిచింది' అనండి చాలు. రెండూ నిజాలే కదా?"

రెండూ నిజాలే. వీరేశం ఎంత వెతికినా ఆ రెండింట్లో అబద్ధం దొరకలేదు. అందుకే ఇంకా భయమేసింది.

ధర్మేందర్ మైకు అందుకుని ముప్పావుగంట మాట్లాడాడు. ఊక కంపెనీ మేనేజరు కాబట్టి ఊకదంపుడు ఆయన హక్కు, కాదనలేం. ఇవాళ గడ్డి, రేపు చమురు, ఎల్లుండి తిరుమలగిరి గుట్ట మీద విమానాశ్రయం అన్నాడు. జనం వంటశాల వైపు చూస్తూ చప్పట్లు కొట్టారు. తర్వాత వీరేశం వంతు వచ్చింది.

"నా చేత్తోని పోసిన. ట్రాక్టర్ నడిసింది" అన్నాడు.

హాలు దద్దరిల్లింది. మూడో వరసలో సోమయ్య లేచి నిలబడి, పక్కవాళ్లకు 'మా బావ' అని చూపిస్తున్నాడు. ఆయన చేతిలో పాలిథిన్ కవరులో చుట్టిన పట్టాదారు పాస్‌బుక్కు ఉంది. సంతకానికి సిద్ధమై వచ్చాడు.

అప్పుడు వెనక వరసలోంచి దేవ్‌సింగ్ లేచాడు. సోమయ్య చేను గట్టుకు ఆనుకుని ఉన్న తండా రైతు, తెలియనిది ఏదైనా ఉంటే తెలిసేదాకా కూర్చోని మనిషి. "అన్నా, పోసిన పోసిన అంటున్నవ్ గని, ఏం బోసినవే?" అన్నాడు.

అంత చిన్న ప్రశ్న. కోదాడలో అన్ని కెమెరాలకూ అంతమంది పెద్దలకూ తట్టని ప్రశ్న. వీరేశం ధర్మేందర్ వైపు చూడలేదు. పాస్‌బుక్కు వైపు చూశాడు.

"డీజిల్" అన్నాడు.

ఎవరో నవ్వారు, ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

"బంకుల పట్టిచ్చుకొచ్చిన డీజిల్. నేనే తెచ్చిన, నేనే పోసిన. కంపెనీ నూనె జనరేటర్ల పోస్తే అది సచ్చిపోయింది. డ్రమ్ములకు బొక్కలు పెట్టింది. శుద్ధి మిషిన్ లేదు, రాయి ఉన్నది. మీకు దండం పెడత, ఆ నూనెను నమ్మి మీ భూములు ఇయ్యకుర్రి."

చెప్పేశాడు. ఇరవై ఏడేళ్లు నిప్పు ముందు నిలబడ్డా పట్టనంత చెమట ఆ ఒక్క నిమిషంలో పట్టింది. ప్రశాంత్ తల రెండు చేతుల్లో పట్టుకున్నాడు. ధర్మేందర్ నవ్వు ముఖం మీద అలాగే ఆగిపోయింది. ఒళ్లంతా తేలికైపోయింది వీరేశానికి. కొలువు పోయింది, పోతే పోనీ, బామ్మర్ది రెండెకరాలు నిలబడ్డాయి అనుకున్నాడు.

అక్కడితో మైకు దిగితే బాగుండేది. దేవ్‌సింగ్ కూర్చోలేదు.

"మరి గది దేనికన్న పనికొస్తదా, రాదా?"

నిజం చెప్పడం కూడా కల్లు లాంటిదే, ఒకసారి పడితే ఆపుకోవడం కష్టం. "దేనికీ రాదు. మా బామ్మర్ది చేనుకు కట్టిన చీరలకు అంటింది. ఆ దిక్కు పందులు వస్తలేవంట, గంతే" అన్నాడు వీరేశం.

హాలులో ఒక్కసారిగా వందమంది లేచారు.

"ఏందీ? పందులు వస్తలేవా?"

"సోమయ్యా, నిజమేనా?"

"నిజమే. ఉత్తరం దిక్కు ముట్టె గూడ పెట్టలే" అన్నాడు సోమయ్య, ఛాతీ ఉబ్బించి.

డీజిలు సంగతి ఎవరికి కావాలి, ఏ బంకులోనైనా దొరుకుతుంది. పందికి మందు ఏ దుకాణంలోనూ లేదు, దరఖాస్తు పెడితే ఏ ఆఫీసులోనూ పలకరు. పైగా జనం తర్కం ఎంత గట్టిదో చూడండి. అబద్ధమాడే మనిషయితే డీజిలు సంగతి ఎందుకు బయటపెడతాడు? డీజిలు సంగతి నిజం చెప్పాడంటే పందుల సంగతి కూడా నిజమే కదా!

ధర్మేందర్‌ను మెచ్చుకోక తప్పదు. వీరేశం చేతిలోని మైకును ఎంత మెత్తగా తీసుకున్నాడంటే, తీసుకున్నట్టే తెలియలేదు. "రైతు సోదరులారా, మేం చెప్పబోయేదీ అదేనండీ! మా కంపెనీలో దాపరికం లేదు. మా మనిషి మా ముందే మా లోపం చెప్పాడు, విన్నారుగా? అలాంటి కంపెనీ ఎక్కడైనా చూశారా? సంతకం పెట్టిన ప్రతి రైతుకూ రెండు డబ్బాల పందిమందు ఉచితం!" అన్నాడు.

వరస కట్టారు. కోడికూర చల్లారుతున్నా ఎవరూ అటు చూడలేదు. వీరేశం వేదిక దిగి, తోసుకుంటూ పోయి సోమయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"నేనేం చెప్పిన, నువ్వేం జేస్తున్నవ్? పన్నెండేండ్లు సోమయ్యా! ఎకరం పల్లి కాపాడుకుందామని రెండెకరాల పత్తి ఇచ్చుకుంటవా?"

"కౌలు ఇస్తరంట గద బావా."

"ఇస్తరని ఎవడు జెప్పిండు? నేను చెప్పిన్నా?"

సోమయ్య బావ ముఖంలోకి ప్రేమగా చూశాడు. "నీ అసోంటోన్ని మైకు ముంగట నిలబెట్టిన కంపెనీ గద. ఇంత మందిల ఉన్నదున్నట్టు చెప్పినవ్. ఇగ నాకు అనుమానం లేదు" అన్నాడు.

వీరేశం అబద్ధమాడి ఉంటే, అది అబద్ధమని చెప్పి ఆపేవాడు. చెప్పింది నిజమయ్యాక, అది నిజమని మళ్లీ ఎలా చెప్పాలి? సోమయ్య బల్ల దగ్గరికి చేరాడు. కాగితాల మీద సంతకాలు పెట్టాడు. చివర సాక్షి సంతకం దగ్గర గుమాస్తా వేలు ఆగింది.

"బావా, సాచ్చి సంతకం నువ్వే పెట్టాలె."

"నేను పెట్ట."

"ఎందుకు పెట్టవు?"

"పెట్టన్నగద."

సోమయ్య ముఖం చిన్నబోయింది. "ఊరోళ్లందరికి మంచి జెప్పినవ్. సొంత బామ్మర్దికి ఒక్క సంతకం పెట్టబుద్ధి కాలేదా?" అని అటు తిరిగి, వరసలో తన వెనకే ఉన్న దేవ్‌సింగ్ చేతికి పెన్ను ఇచ్చాడు. దేవ్‌సింగ్ సోమయ్యకు సాక్షి అయ్యాడు, సోమయ్య దేవ్‌సింగ్‌కు సాక్షి అయ్యాడు. ఇద్దరూ చెరో రెండు డబ్బాలు మోసుకుని కోడికూరకు వెళ్లారు.

ఇంట్లో సువర్ణ నెల రోజులు మొగుడితో సరిగా మాట్లాడలేదు. "నా తమ్ముడు పచ్చగుంటే నీకు కడుపుల మండిందా?" అని ఒకసారి అంది. జవాబు చెబితే అది కూడా నిజమే అవుతుందని ఆయనకు భయం పట్టుకుంది.

రాజీనామా చేద్దామని కంపెనీకి వెళితే ధర్మేందర్ ఎదురొచ్చి కావలించుకున్నాడు. "మీ నిజాయితీకి నూట పద్నాలుగు ఎకరాలొచ్చాయండీ" అన్నాడు. డబ్బాల మీద వేసే కొత్త స్టిక్కరు చూపించాడు. దాని మీద పంది బొమ్మ, పంది మీద అడ్డగీత, పైన 'వీరేశం మార్కు'. యాభై మూడేళ్ల వయసులో ఇంకెక్కడికీ పోలేక వీరేశం ఉండిపోయాడు. ఆ సాయంత్రం ప్రశాంత్ గొట్టాల పక్కన కూర్చుని, "నా చదువంతా పందుల పాలైంది వీరేశం గారూ" అన్నాడు. అంతలోనే తమాయించుకుని, శుద్ధి యూనిట్ మాత్రం రెండు నెలల్లో వచ్చేస్తుందన్నాడు. ఆ మనిషి మీద వీరేశానికి నిజంగా జాలేసింది.

గడ్డి మాత్రం మాట తప్పలేదు. ఆరు నెలల్లో రెండు నిలువులు లేచింది. కోయడానికి కంపెనీ రాలేదు. ఒప్పందం బ్యాంకుకు చూపించాక గడ్డితో పనేముంది? డబ్బాలకు సరిపడా ద్రవం ఊకతోనే వస్తోంది. యూనిట్ వచ్చాక కోస్తాం అన్నారు. కౌలు కింద డబ్బు బదులు డబ్బాలే ఇస్తున్నారు. ఇంకేదైనా వేసుకుందామంటే పన్నెండేళ్ల కాగితం అడ్డం. సోమయ్య పొద్దున పల్లి చేను చూసుకుని, పగలు ఎవరి పత్తికో కూలికి పోతున్నాడు.

ఒక మధ్యాహ్నం గోడౌనులో ఉండగా వీరేశానికి ఫోను వచ్చింది. సూర్యాపేట సభ తర్వాత సోమయ్య ఫోను చేయడం అదే మొదలు.

"బావా, మంచిగున్నవా? ఆనాడు నువ్వు చెప్పింది అచ్చరం తప్పుబోలే. మందు కొట్టిన దిక్కు పందులు వస్తలేవు. సంతకం పెట్టలేదని అక్క ముంగట నిన్ను ఎన్నెన్నో అన్న. మనసుల పెట్టుకోకు."

"ఏం లేదు తీయ్. పందులు ఇంక దిగుతనే ఉన్నయా గుట్ట మీదికెల్లి?"

"గుట్టకెందుకు పోతయ్ బావా, మన గడ్డిలనే ఉంటున్నయ్. మస్తు నీడ, సల్లగుంటది. మొన్న ఒకటి ఈనింది గూడ. నేను ఇటు మందు కొడితే అవి దేవ్‌సింగ్ చేన్ల పడుతున్నయ్, ఆయన అటు కొడితే నా చేన్ల పడుతున్నయ్. రెండు డబ్బాలు సాలుతలేవు, జర నాలుగు పంపు. నీ మాట మీదనే బతుకుతున్నం బావా."

వీరేశం ఫోను పెట్టేసి గోడౌను గడప మీద కూర్చున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. కాసేపటికి లేచి, ముఖం తుడుచుకుని, నాలుగు డబ్బాలు బయటికి తీశాడు.